ఆల్‌ఫ్రెస్కోని అద్దాలతో మూసేస్తే 7 స్టార్ రేటింగ్ ఏమవుతుంది?

తార్నీట్_చందు (టాపిక్ మొదలుపెట్టినవారు)
అందరికీ నమస్తే. మెల్‌బోర్న్ దగ్గర తార్నీట్‌లో ఇల్లు కట్టిస్తున్నాం. కాంట్రాక్ట్ మీద సంతకాలు అయ్యాయి, బిల్డింగ్ పర్మిట్‌కి ఇంకా వెళ్లలేదు. వాస్తు కోసమని తూర్పు ముఖం స్థలమే ఏరుకున్నాం, అందుకని పెరడు పడమరకి పడింది. లివింగ్ రూమ్‌ని ఆనుకుని ఆ మూలన 4.2 × 3.5 మీటర్ల ఆల్‌ఫ్రెస్కో (కప్పు ఉండి పక్కలు తెరిచి ఉండే వరండా) ఉంది. రెండు పక్కల ఇంటి గోడలు, రెండు పక్కల ఖాళీ.

జూన్, జులై చలికాలంలో ఆ చోటు ఎందుకూ పనికిరాదని ఇక్కడ పాతబడిన వాళ్లంతా చెప్తున్నారు. అమ్మానాన్న వచ్చినప్పుడు పొద్దున పూట కూర్చోవడానికి, పండక్కి పిండివంటలు చేసుకోవడానికి బాగుంటుందని ఆ ఖాళీ రెండు పక్కలా అద్దాల స్లైడింగ్ తలుపులు పెట్టించి మూసేద్దామనుకుంటున్నాం. బిల్డర్ ఆఫీసులో అడిగితే "మీ ఇంటి ఎనర్జీ రేటింగ్ సరిగ్గా 7.0 వచ్చింది, పర్మిట్‌కి కనీసం అంత కావాలి, మూస్తే రేటింగ్ మళ్లీ చేయించాలి, పడిపోతే కిటికీలు మార్చాలి, అదంతా వేరియేషన్ (కాంట్రాక్ట్‌లో మార్పు)" అన్నారు. సేల్స్ అతను మాత్రం పక్కకి పిలిచి, "ఓపెన్‌గానే పర్మిట్ తీసుకోండి, తాళాలు చేతికొచ్చాక మీ ఇల్లు మీ ఇష్టం" అన్నాడు.

నా ప్రశ్న: మూసిన ఆల్‌ఫ్రెస్కోని రేటింగ్‌లో గది కింద లెక్కేస్తారా, బయట కింద లెక్కేస్తారా? స్టార్లు పెరుగుతాయా, తగ్గుతాయా?

పాయింట్‌కుక్_రమణ
చందు గారూ, మేం కెఫే బ్లైండ్స్ వేయించుకున్నాం. ఆ పారదర్శకం ప్లాస్టిక్ తెరలు, జిప్పు లాగితే మూసుకుంటాయి. రేటింగూ లేదు, పర్మిట్టూ లేదు. గాలి ఆగుతుంది, వానజల్లు ఆగుతుంది. చలి మాత్రం ఆగదు, ముందే చెప్తున్నా.

కరీంనగర్_వినోద్
గిదంత కాగితాల ముచ్చటనే అన్నా. స్టార్ల సర్టిఫికెట్ పర్మిట్ కోసమే, ఆ తర్వాత ఎవ్వరొచ్చి చూస్తరు? మా గల్లీల సగం ఇండ్లు ఆల్‌ఫ్రెస్కో మూసేసుకున్నయ్. సేల్స్ పిలగాడు చెప్పిందే కరెక్ట్.

స్టార్‌రేటర్_లక్ష్మి
చందు గారూ, నేను మెల్‌బోర్న్‌లో ఇళ్లకి ఈ స్టార్ రేటింగ్ లెక్కేసే పనే చేస్తాను. మీ ఇంటి ఫైలు నా దగ్గర లేదు కాబట్టి అంకె చెప్పను, లెక్క ఎలా నడుస్తుందో చెప్తాను.

నాట్‌హెర్స్‌లో (ఈ స్టార్లు ఇచ్చే ఆస్ట్రేలియా పద్ధతి) స్టార్ వెనక ఉండేది ఒక్క అంకె: ఇంటిని ఏడాది పొడవునా వెచ్చగా, చల్లగా ఉంచడానికి చదరపు మీటరుకి ఎన్ని మెగాజూళ్లు కావాలి అని. అది పెరిగితే స్టార్లు తగ్గుతాయి. ఫస్ట్‌రేట్5, హీరో, బెర్స్ ప్రో, ఆక్యురేట్ వీటిలో ఏ సాఫ్ట్‌వేర్ వాడినా అడుగున నడిచేది సీఎస్ఐఆర్ఓ (ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ) తయారు చేసిన చెనాత్ అనే లెక్కల ఇంజనే. దానికి ఇంట్లో ప్రతి భాగమూ ఒక జోన్. లివింగ్ జోన్ అని చెప్తే ఉదయం 7 నుంచి అర్ధరాత్రి వరకూ 20 డిగ్రీలకి తగ్గకుండా వేడి పెడుతుంది. పడకగదులకి వేళలు వేరు, డిగ్రీలు వేరు. అన్‌కండిషన్డ్ అని చెప్తే ఆ జోన్‌కి హీటరూ ఉండదు, ఏసీ ఉండదు. అది ఎంత వేడెక్కితే అంత, ఎంత చల్లబడితే అంత. కానీ దాని ప్రభావం పక్క గది మీద ఎంత పడుతుందో గంటగంటకీ లెక్కేస్తుంది.

మొదటిది: ఇప్పుడు మీ ప్లాన్‌లో ఉన్నట్టు ఓపెన్‌గా ఉంటే ఆల్‌ఫ్రెస్కో అసలు జోనే కాదు. దాని కప్పు మీ లివింగ్ తలుపుకి పట్టిన నీడ, అంతే. నేల, కప్పు ఇన్సులేషన్ ఇవేవీ ఎవరూ అడగరు.

రెండోది: అద్దాలతో మూసి, లివింగ్ రూమ్‌కీ దానికీ మధ్య ఇప్పుడున్న తలుపునీ ఇన్సులేషన్ ఉన్న గోడనీ అలాగే ఉంచితే, హీటరూ ఏసీ పెట్టకపోతే, అది అన్‌కండిషన్డ్ జోన్. ఇంటికీ బయటి గాలికీ మధ్య ఒక పొర.

మూడోది: మధ్య తలుపు తీసేసి రెండూ కలిపేసినా, తలుపు ఉంచి అందులో స్ప్లిట్ ఏసీ బిగించినా, డక్టెడ్ హీటింగ్ (గొట్టాల్లో వేడి గాలి పంపే ఏర్పాటు) నుంచి ఒక నోరు అటు తిప్పినా అది లివింగ్ జోన్‌లో భాగం. అప్పుడు దాని కప్పు, నేల, అద్దాలు అన్నిటినీ 7 స్టార్ ఇంటికి తగ్గట్టు చూడాలి. మీ భయమంతా ఈ మూడోదాని గురించే అయి ఉండాలి. చాలామంది రెండోదని చెప్పి మూడోది కట్టుకుంటారు.

రమణ గారి కెఫే బ్లైండ్స్‌ని నేను గోడగా ఎక్కించను. చుట్టి పైకి కట్టేసేవి గోడలు కావు. నా లెక్కలో అది ఓపెనే.

తార్నీట్_చందు
చాలా థ్యాంక్స్ లక్ష్మి గారూ. నిజం చెప్పాలంటే మా ఆవిడ ఆలోచన మూడోదే. మధ్య తలుపు తీసేసి లివింగ్ పెద్దది చేసుకుందామని. దాని వల్ల ఎంత తేడా వస్తుంది? అద్దాలు మంచివి పెడితే సరిపోదా?

స్టార్‌రేటర్_లక్ష్మి
మీ కొలతలే పెట్టి చేద్దాం. ఖాళీ పక్కలు 4.2, 3.5 కలిపితే 7.7 మీటర్లు. ఎత్తు 2.4 అనుకుంటే సుమారు 18.5 చదరపు మీటర్ల అద్దం. మామూలు అల్యూమినియం ఫ్రేములో ఒంటి అద్దం యూ విలువ (ఇది ఎంత ఎక్కువైతే అంత వేడి బయటికి పోతుంది) 6.7 ఉంటుంది. లోపల 20, బయట 5 డిగ్రీలు ఉన్న జులై రాత్రి ఆ అద్దాల గుండా పోయే వేడి దాదాపు 1,850 వాట్లు. ఒక గది హీటర్ రాత్రంతా పెరడుని కాచడానికే పనిచేసినట్టు. అల్యూమినియం ఫ్రేములోనే డబుల్ గ్లేజింగ్ తీసుకుంటే యూ విలువ 4.8, అప్పుడు 1,330 వాట్లు. అదే చోట బ్యాట్స్ (ఇన్సులేషన్ దిండ్లు) పెట్టిన ఇటుక గోడ ఉంటే 100 వాట్ల దగ్గర తేలిపోతుంది.

ఇది అద్దం సంగతే. ఆల్‌ఫ్రెస్కో కప్పు కింద చాలా బిల్డర్లు ఇన్సులేషన్ వేయరు, అది బయట కదా అని. నేల కాంక్రీట్ స్లాబ్ అంచు రెండు పక్కలా చలికి తెరుచుకుని ఉంటుంది. మంచి అద్దాలు పెట్టినా ఇవి మిగిలిపోతాయి. మీ ఇల్లు సరిగ్గా 7.0 దగ్గర నిలబడింది అంటే బిల్డర్ ఎక్కడా ఒక్క డాలర్ ఎక్కువ పెట్టలేదని అర్థం. అలాంటి ఇంటికి కొసరు ఉండదు, ఏది కదిపినా కిందికే.

అనంతపురం_ప్లాన్లు
నేను డ్రాఫ్టింగ్ వైపు నుంచి నాలుగు మాటలు. స్టార్ల గొడవ కంటే ముందు ఇంకో గొడవ ఉంది, దాన్నెవరూ ఎత్తలేదు.

మీ లివింగ్ రూమ్ కిటికీ, స్లైడింగ్ తలుపు అన్నీ ఆల్‌ఫ్రెస్కోలోకే తెరుచుకుంటాయి గదా. విక్టోరియాలో నివాస గది కిటికీ ఆకాశం కనిపించే చోటికైనా చూడాల, లేదా వరండా కిందికి చూస్తే ఆ వరండా చుట్టుకొలతలో కనీసం మూడో వంతు తెరిచి ఉండాల. మీరు రెండు పక్కలా అద్దం బిగిస్తే ఆ మూడో వంతు పోయింది. అద్దంలోంచి వెలుతురు వస్తుంది గదప్పా అంటే, రూల్ 'తెరిచి ఉండాలి' అంటుంది. అప్పుడు లివింగ్‌కి వెలుతురు పక్క గది నుంచి అరువు తెచ్చుకున్నట్టు చూపించాల. నివాస గదికి నేల వైశాల్యంలో 10 శాతం వెలుతురు, 5 శాతం గాలి అనేది మామూలు లెక్క. అరువు పద్ధతిలో రెండు గదుల నేలా కలిపి చూడాల్సి వస్తుంది. అద్దాలు అంతున్నాయి కాబట్టి మీకు సరిపోవచ్చు, కానీ పర్మిట్ ఇచ్చే బిల్డింగ్ సర్వేయర్‌కి కాగితం మీద చూపించకుండా కుదరదు.

ఇంకొకటి. ఆల్‌ఫ్రెస్కో స్లాబ్‌ని ఇంటి స్లాబ్ కంటే ఒక మెట్టు దించి, నీళ్లు బయటికి పోయేలా వాలు పెట్టి పోస్తారు. తర్వాత మూస్తే ఆ వాలు గదిలోకొచ్చినట్టే. బీరువా పెడితే ఒరుగుతుంది. ఇటుక గోడకి అడుగున తేమ పోవడానికి వదిలే వీప్ హోల్స్ (చిన్న సందులు) కూడా గది లోపలికి వచ్చేస్తాయి, చీమలకి రాచబాట. మూసేదైతే స్లాబ్ పోయకముందే చెప్పండి.

కరీంనగర్_వినోద్
సరే అన్నా, రూల్స్ మంచిగనే ఉన్నయ్. కానీ నా సవాల్ గదే. తాళాలు తీస్కున్నంక మూస్తే ఎవరు పట్టుకుంటరు? మీరంత భయపెడ్తున్నరు గని, మా దోస్తు మూసిండు, సుఖంగ ఉంటున్నడు.

అనంతపురం_ప్లాన్లు
ఉంటున్నప్పుడు సుఖమే వినోద్. అమ్మేటప్పుడు చూడు. సెక్షన్ 32లో (ఇల్లు అమ్మేవాళ్లు కొనేవాళ్లకి ఇచ్చే వివరాల పత్రం) గత 7 సంవత్సరాల్లో వచ్చిన బిల్డింగ్ పర్మిట్లు చూపించాల. కొనేవాడి లాయరు పాత ప్లాన్ పక్కన పెట్టి ఆల్‌ఫ్రెస్కో మూసుంది, పర్మిట్ ఏదీ అని అడుగుతాడు. కౌన్సిల్ నోటీసు ఇచ్చిందంటే తీసేయమనొచ్చు, లేదా ఇప్పటి రూల్స్‌కి సరిచేయమనొచ్చు. ఇన్సూరెన్స్ సంగతి వేరే చెప్పాలా.

స్టార్‌రేటర్_లక్ష్మి
వినోద్ గారూ, నా వైపు నుంచి ఒకటి. నా ముందున్న డ్రాయింగ్‌లో ఏముంటే అదే నేను మోడల్ చేయాలి, సర్టిఫికెట్‌తో పాటు స్టాంపు పడేది ఆ డ్రాయింగుల మీదే. "రేపు మూస్తారేమో" అని నేను ఊహించి ఎక్కించను. కానీ డ్రాయింగ్‌లో 'భవిష్యత్ స్టాకర్ డోర్లు' (ఒకదాని వెనక ఒకటి జరిగే తలుపులు) అని రాసి, అడుగున ట్రాక్‌కి గాడి చూపించి, కప్పులో ఏసీ పైపుకి దారి వదిలి, 'ఓపెన్‌గా రేట్ చేయండి' అంటే మాత్రం ఫైలు వెనక్కి పంపుతాను. అది ఓపెన్ కాదని గీసినవాళ్లకే తెలుసు.

కాగితాల ముచ్చట అన్నారు. కాగితం తప్పయితే కరెంటు బిల్లు కట్టేది మీరు, నేను కాదు.

బ్రిస్బేన్_సుధ
ఇదంతా చదువుతుంటే నవ్వొస్తోంది, మా దగ్గర కథ పూర్తిగా తలకిందులు. మా ఇల్లు స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, 6 స్టార్ల రోజుల్లో కట్టించాం. అప్పుడు క్లైమేట్ జోన్ 1, 2లకి, అంటే డార్విన్, కెయిన్స్, టౌన్స్‌విల్, బ్రిస్బేన్ లాంటి చోట్లకి, ఔట్‌డోర్ లివింగ్ ఏరియా ఉంటే రాయితీ ఉండేది. 6కి బదులు 5.5 చాలు. అందులో సీలింగ్ ఫ్యాన్ కూడా బిగిస్తే 5 చాలు. దానికి షరతులు: కనీసం 12 చదరపు మీటర్లు, పొడవు వెడల్పు 2.5 మీటర్లకి తగ్గకూడదు, కప్పుకి ఇన్సులేషన్, గాలి ఆడేలా పక్క తెరిచి ఉండాలి.

వెనక ఆలోచన ఏమిటంటే, వేడి దేశంలో జనం సాయంత్రం బయట నీడలో కూర్చుంటే లోపల ఏసీ నడవదు కదా అని. మన ఊళ్లలో అరుగు మీద కూర్చున్నట్టే. దాన్ని అద్దాలతో మూసేస్తే రాయితీకి ఆధారమే పోతుంది. మా పక్కింటివాళ్లు మూశారు. ఇప్పుడు అందులో రెండు ఫ్యాన్లు, ఒక ఏసీ.

మార్స్‌డెన్_కిరణ్
సిడ్నీ వైపు వాళ్ల కోసం: ఇక్కడ కొత్త ఇంటికి బేసిక్స్ అనే మా రాష్ట్ర సర్టిఫికెట్ ఉంటుంది, ఇంటి వేడి చలి భాగానికి ఎక్కువగా నాట్‌హెర్స్ లెక్కే వాడతారు. 2023 అక్టోబర్ 1 నుంచి దాదాపు 7 స్టార్ స్థాయికి పెంచారు. విక్టోరియాలో 2024 మే 1 నుంచి అనుకుంటా.

మాకు స్టార్లు అడ్డం రాలేదు, ఫ్లోర్ స్పేస్ (స్థలంలో ఎంత నేల వైశాల్యం కట్టొచ్చన్న హద్దు) అడ్డం వచ్చింది. 1.4 మీటర్లకన్నా తక్కువ ఎత్తు బయటి గోడలున్న టెర్రస్, బాల్కనీ నేల వైశాల్యంలోకి రావు. పైదాకా మూస్తే వస్తాయి. మా స్థలంలో అప్పటికే హద్దు దాకా కట్టేశాం. మూత ఆలోచన అక్కడే ఆగిపోయింది.

స్టార్‌రేటర్_లక్ష్మి
అవును, విక్టోరియాలో 2024 మే 1 నుంచే.

పాయింట్‌కుక్_రమణ
లక్ష్మి గారూ, నాదో చిన్న అనుమానం. మాది పెరడు ఉత్తరం. ఆల్‌ఫ్రెస్కో లోతు 3.5 మీటర్లే. ఇక్కడ ఎండ ఉత్తరం నుంచి వస్తుంది కదా, మంచి దిక్కు అని అందరూ మెచ్చుకున్నారు. కానీ శీతాకాలంలో మా లివింగ్ గుహలా ఉంటుంది. బ్లైండ్స్ వల్లనా?

స్టార్‌రేటర్_లక్ష్మి
బ్లైండ్స్ పాపం ఏం చేయలేదండీ, అది కప్పు పని. మెల్‌బోర్న్‌లో జూన్ మిట్ట మధ్యాహ్నం సూర్యుడు ఆకాశంలో సుమారు 29 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. మీ కప్పు అంచు దూలం 2.4 మీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, అక్కడి నుంచి 3.5 మీటర్లు లోపలికి వచ్చేసరికి ఎండ మీ తలుపు అడుగున అర మీటరు మీద కూడా పడదు. చలికాలంలో ఇంటిని ఉచితంగా వెచ్చబరిచే ఎండని ఆల్‌ఫ్రెస్కో మింగేస్తోంది. రేటింగ్‌లో కూడా ఇదే జరుగుతుంది, ఉత్తరాన లోతైన ఆల్‌ఫ్రెస్కో ఉన్న ఇళ్లకి హీటింగ్ అంకె పెరుగుతుంది. బ్రోచర్‌లో అందంగా కనిపించే ప్లాన్ల దగ్గర నేను మొదట చూసేది ఇదే.

మీలాంటి వారికి కప్పులో కొంత భాగం పారదర్శకంగా మార్చడమో, పట్టీలు తిప్పితే తెరుచుకునే లూవర్ కప్పో పనికొస్తుంది. ప్లాస్టిక్ తెరలు మార్చి లాభం లేదు.

చందు గారిది పడమర కాబట్టి కథ వేరు. జనవరిలో సూర్యాస్తమయం ఎనిమిదిన్నర దాటాకే. సాయంత్రం ఐదున్నర వరకూ కప్పు మీ తలుపుని కాపాడుతుంది, ఆ తర్వాత ఎండ కప్పు కిందుగా నేరుగా లోపలికి దూరుతుంది. ఓపెన్‌గా ఉంటే ఆ వేడి గాలికి పోతుంది. అద్దాల వెనక పడితే అక్కడే ఉండిపోతుంది. రాత్రి పది గంటలకి మీరు గాలి కోసం లివింగ్ తలుపు తెరిస్తే బయటి చల్లగాలి కాదు, ఆ గదిలో మాగిన గాలి వస్తుంది. చెనాత్ గాలి రాకపోకలు కూడా లెక్కేస్తుంది కాబట్టి కూలింగ్ అంకె పెరుగుతుంది. అందుకే బయటి అద్దాలు నిలువెత్తున పూర్తిగా జరిగేవి తీసుకోండి, కదలని అద్దాలు వద్దు. ఎంత భాగం తెరుచుకుంటుందో డ్రాయింగ్‌లో రాయించండి, మీ రేటర్ అది చూసే ఎక్కిస్తారు.

మార్స్‌డెన్_కిరణ్
అంటే వాస్తు ప్రకారం తూర్పు గుమ్మం కొన్న మన వాళ్లందరికీ పడమర ఆల్‌ఫ్రెస్కోలే అన్నమాట 😀

కరీంనగర్_వినోద్
కిరణ్ బ్రో, వాస్తు జోలికి పోకు, టాపిక్ ఆగమైతది.

మోడరేటర్
వాస్తు చర్చకి వేరే టాపిక్ ఉంది. ఇక్కడ ఆల్‌ఫ్రెస్కో వరకే.

బ్రిస్బేన్_సుధ
పిండివంటలు అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. మూసిన చోట గ్యాస్ బార్బెక్యూ, బొగ్గుల కుంపటి పెట్టకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. బయట కదా అన్న అలవాటులో జనం మర్చిపోతారు.

తార్నీట్_చందు
అప్‌డేట్. బిల్డర్ ద్వారా వాళ్ల రేటర్‌తో మాట్లాడి రెండు రకాలుగా రన్ చేయించాం. మధ్య తలుపు తీసేసి కలిపేస్తే రేటింగ్ 7కి బాగా కింద పడింది, మళ్లీ ఎక్కించడానికి చెప్పిన అద్దాల ధర విని మా ఆవిడే వద్దంది. తలుపు ఉంచి, హీటర్ లేకుండా మూస్తే 6.9. రిపోర్టులో హీటింగ్ కొంచెం తగ్గింది, కూలింగ్ అంతకన్నా ఎక్కువ పెరిగింది, లక్ష్మి గారు చెప్పినట్టే. లివింగ్‌లో 1400 మిల్లీమీటర్ల సీలింగ్ ఫ్యాన్ ఒకటి చేరిస్తే తిరిగి 7.0 వచ్చింది.

కాబట్టి రెండోదే. స్లాబ్ వాలు తీసేసి ఇంటితో సమానంగా పోయమని, కప్పు కింద బ్యాట్స్ వేయమని కూడా వేరియేషన్‌లో రాయించాం. బ్యాట్స్ రేటింగ్ కోసం కాదు, వానకాలం రేకు చప్పుడు తగ్గుతుందని. వెలుతురు లెక్క సర్వేయర్ ఒప్పుకున్నారు. ఓపెన్‌గా తీసుకుని తర్వాత మూసే ఆలోచన మానేశాం.

అనంతపురం_ప్లాన్లు
మంచి పని చేసినారు. ఆ సవరించిన డ్రాయింగ్ మీదా, కొత్త సర్టిఫికెట్ మీదా తేదీ, రివిజన్ నంబరు ఒకటే ఉన్నాయా అని చూసుకోండి. సర్టిఫికెట్‌లో క్యూఆర్ కోడ్ ఉంటుంది, స్కాన్ చేసి సరిపోల్చండి. పాత సర్టిఫికెట్‌తో కొత్త ప్లాన్ పోయి, పర్మిట్ దగ్గర ఆగిపోయే ఫైళ్లు నా బల్ల మీద ఎప్పుడూ ఉంటాయి.

తార్నీట్_చందు
చూసుకుంటాను. చివరిగా ఒకటి లక్ష్మి గారూ, అక్కడ ఇండక్షన్ స్టవ్ పెట్టి అరిసెలు, జంతికలు వేయించాలని అమ్మ ప్లాన్. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే మళ్లీ రేటింగ్ కదులుతుందా?

స్టార్‌రేటర్_లక్ష్మి
ఆ గది అన్‌కండిషన్డ్ కాబట్టి పెద్దగా కదలదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ని మూతతో, మూత లేకుండా అని విడివిడిగా ఎక్కిస్తాం, ఆగిపోగానే తనంతట తాను మూసుకునే డ్యాంపర్ ఉన్నదే తీసుకోండి. పొగ నేరుగా బయటికి పోవాలి, కప్పులోకి కాదు. వేయించేటప్పుడు మధ్య తలుపు మూసి ఉంచండి, నూనె వాసన లివింగ్‌లోకి రాదు.

కరీంనగర్_వినోద్
అరిసెలు అయినంక అడ్రస్ పెట్టు అన్నా. నేను ఇన్‌స్పెక్షన్‌కి వస్త.